ఉరుములు వస్తాయా?

"అమ్మా, ఉరుములేనా?"

"అవునన్నా, ఉరుములే. చెప్పండి" అన్నాను. వెబ్‌సైటు పెట్టిన తర్వాత వచ్చిన మొట్టమొదటి ఫోను అది. పక్కనే నాయన, చిన్నాయన ఊపిరి బిగబట్టి నా మొహంలోకే చూస్తున్నారు.

"మా ఊరికి ఎప్పుడొస్తాయమ్మా?"

"మీరు ఎప్పుడంటే అప్పుడే అన్నా."

"నేనంటే వస్తాయా?"

"ఎందుకు రావు? సాయంత్రం మొదలైతే తెల్లారేదాకా ఉంటాయి."

"తెల్లార్లూనా!" ఆయన సంతోషం పట్టలేకపోయాడు. "అంత గట్టిగా ఉంటాయా?"

"మా చిన్నాయన మొదలుపెట్టినాడంటే నాలుగూళ్ళకు వినపడతాయన్నా."



"మీ చిన్నాయన మొదలుపెట్టేదేందమ్మా? నేను అడిగేది వాన సంగతి. చెనిక్కాయ విత్తనం ఇంట్లో పెట్టుకోని ఆకాశంలో మోడాల పక్క చూస్తాండాం ఈడ. తమాషాగా ఉండాదా నీకు?"

ఫోను పెట్టేశాడు. నేను దాన్ని చెవి దగ్గరే పెట్టుకుని నిలబడిపోయాను. నాయన అప్పటికే గోడకు తగిలించిన ఉరుమును దించి, చర్మం మీద అరచేయి ఆనించి బిగువు చూస్తున్నాడు. "యా ఊరంట పాపా?" అన్నాడు. ఏ ఊరూ కాదు, వాళ్ళకు కావలసింది మనం కాదు అని చెప్పడానికి నోరు రాలేదు. మళ్ళీ చేస్తారంట అని గొణిగి వాకిట్లోకి వచ్చేశాను.

మాది గుమ్మఘట్ట మండలంలో ఒక పల్లె. మా ఇంటిని ఉరుములోళ్ళ ఇల్లు అంటారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, ఉరుము అంటే మెడకు తగిలించుకునే పెద్ద వాయిద్యం. కర్రతో చర్మాన్ని రాపాడిస్తే లోపలినుంచి గుర్రుమని, అచ్చం ఆకాశం ఉరిమినట్టే మోగుతుంది. అందుకే ఆ పేరు. పొడుగు అంగీలు తొడుక్కుని, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని మావాళ్ళు అమ్మవారి ముందు ఆడతారు. ఊరిదేవతకు చేసే పెద్ద పండుగను మా పక్క దేవర అంటారు. ఒకప్పుడు ఉరుములు లేకుండా దేవర జరిగేది కాదట. ఇప్పుడు డీజేతో జరుగుతోంది. ట్రాక్టరు మీద గోడంత పెట్టెలు ఎక్కించి, పసిపిల్లలు ఉలిక్కిపడి ఏడ్చేలా మోగిస్తున్నారు. అమ్మవారు ఎలా ఓర్చుకుంటోందో ఆమెనే అడగాలి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా దగ్గర ఎవరూ 'ఉరుముల కళాకారులు వచ్చారా' అని అడగరు. 'ఉరుములు వచ్చినాయా' అంటారు. 'ఉరుములకు అన్నం పెట్టినారా' అని కూడా అంటారు. మోసుకొచ్చే మనుషులు ఎవరికీ కనపడరు. చిన్నప్పటినుంచీ ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఆ మాటే తర్వాత నా కొంప ముంచుతుందని మాత్రం అనుకోలేదు.

అసలు వెబ్‌సైటు పెట్టింది చిన్నాయన కోసం. ఆయన పేరు నాగేశ్వర. నాయన హనుమంతప్ప కంటే బాగా చిన్నవాడు. ఆటలో ఈ ఇద్దరి ఉరుములూ ఎదురెదురుగా పలకాలి. ఒకటి అడిగినట్టు, ఒకటి జవాబు చెప్పినట్టు ఉంటుంది. మిగిలినవాళ్ళు తాళం వేస్తారు, వంత పాడతారు. వాళ్ళలో ఒకరు రాకపోయినా ఎలాగో నెట్టుకొస్తారు గానీ చిన్నాయన లేకపోతే ఆటే లేదు. ఆ చిన్నాయన బెంగుళూరు వెళ్ళిపోతానన్నాడు, ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా. పోయినేడాది మొత్తం మీద ఒక్క దేవరకు కూడా పిలుపు రాలేదు, ఆయన మాత్రం ఏం చేస్తాడు? నాయన ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. ఇంట్లో ఈ మగవాళ్ళకు మాట్లాడాల్సిన చోట మాట పడిపోతుంది. అందుకని నేనే కల్పించుకున్నాను.

"ఒక్క దేవరకు పిలుపు తెప్పిస్తా చిన్నాయనా, ఉంటావా?"

"ఒక్కటంటే ఒక్కటొచ్చినా ఉంటా పాపా. గేటు కాడ నిలబడి కార్లకు సలాం కొట్టల్లని నాకేమన్నా సరదానా?" అన్నాడు. అప్పుడే ఆ పని చూపించిన మేస్త్రీకి ఫోను చేసి, ఆషాఢం పోయినాక వస్తానని చెప్పాడు.

నేను రాయదుర్గంలో ఒక జిరాక్స్ షాపులో డీటీపీ పని చేస్తాను. పెళ్ళిపత్రికలు, ఫ్లెక్సీలు, సంతాప ప్రకటనలు. ఊరందరి గురించీ డప్పు కొట్టేది నేనే, మా ఇంటి ఉరుము గురించి ఎప్పుడూ ఒక ముక్క రాయలేదు. డిగ్రీలో నాతో చదివిన శశికుమార్ అనంతపురంలో వెబ్‌సైట్లు తయారు చేస్తుంటాడు. వాడి వెంటపడి నేర్చుకున్నాను. నాయన ఫోటో, చిన్నాయన ఆడే వీడియో, మా ఆట గురించి నేను రాసిన నాలుగు పేరాలు, నా ఫోను నంబరు, అన్నీ పెట్టాను. పైన పెద్ద అక్షరాలతో 'అనంతపురం ఉరుములు' అని రాశాను. ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. షాపుకు వచ్చినవాళ్ళందరికీ చూపించాను.

ఆ తర్వాత మొదలైంది అసలు చాకిరీ. ఫేస్‌బుక్‌లో పెట్టాను. వాట్సాప్‌లో మా కులంవాళ్ళ గ్రూపు, ఊరి గ్రూపు, కాలేజీ గ్రూపు, ఎవరో ఎప్పుడో చేర్చిన పాల డెయిరీ గ్రూపు, ఒకటని కాదు, అన్నిట్లోనూ పెట్టాను. దండాలు పెట్టే బొమ్మలు వచ్చాయి, పువ్వులు వచ్చాయి. 'మన సంస్కృతిని కాపాడుకోవాలి' అని అందరూ రాశారు. కాపాడడానికి ఒక్కడైనా ఫోను చేస్తే కదా! సంస్కృతి మీద అంత ప్రేమ ఉన్నవాళ్ళే వాళ్ళ ఊరి దేవరలో డీజే ముందు ఎగిరిన వీడియోలు అదే గ్రూపులో మర్నాడు పెట్టారు. నేను డెయిరీ గ్రూపులోంచి కూడా బయటికి వచ్చేశాను.

అలాంటిది, ఉన్నట్టుండి ఒక రోజు మా పేజీ చూసినవాళ్ళ లెక్క ఎక్కడికో వెళ్ళిపోయింది. పొద్దున్నుంచి చూస్తూ ఉంటే పెరుగుతూనే ఉంది. షాపులో ఎవరివో ఆధార్ కాగితాలు తలకిందులుగా ప్రింటు తీసి తిట్లు తిన్నాను, అయినా పళ్ళికిలిస్తూనే ఉన్నాను. సాయంత్రం ఇంట్లో చెప్పాను. నాయన హోటలు దగ్గరికి వెళ్ళి, "మా పాప పెట్టిందాన్ని ఊర్లకు ఊర్లు చూస్తాండారంట" అని కనపడినవాడికల్లా చెప్పొచ్చాడు. చిన్నాయన చింతపండు తెచ్చి గజ్జెలు తోముకుంటూ కూర్చున్నాడు. ఆ రోజు పొద్దున్నుంచి ఆకాశం నల్లగా కమ్ముకుని ఉంది. ఆ సంగతి మాలో ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున వచ్చింది, మొదట చెప్పిన ఆ ఫోను.

తర్వాత ఇక ఆగలేదు. అందరిదీ ఒకటే ప్రశ్న, ఉరుములు వస్తాయా? కదిరి పక్కనుంచి రామక్క అనే ఒకామె మిద్దె మీద మిరపకాయలు ఆరబోసి ఫోను చేసింది. వెంకటప్ప అనే రైతు పొద్దున పళ్ళు తోముకోగానే నాకే చేసేవాడు. నేను ఓపికగా చెప్పాను, విసుక్కున్నాను, తర్వాత అరిచాను.

"అన్నా, మాది ఆఫీసు కాదు. మేము వాయించేవాళ్ళం!"

"అట్లంటే ఎట్లమ్మా? గవర్మెంటోళ్ళు జీతమిస్తాండారు గదా, చెప్పేదానికేం?" అన్నాడు వెంకటప్ప.

ఈ జీతం సంగతి గవర్నమెంటుకు కూడా తెలిస్తే బాగుండేది.

శశికుమార్‌కు ఫోను చేసి ఏడ్చినంత పని చేశాను. వాడు లెక్కలన్నీ చూసి, నవ్వాపుకుంటూ చెప్పాడు. "జ్యోతీ, అనంతపురం ఉరుములు అని కొట్టినోళ్ళు మీ చిన్నాయన కోసం కొట్లేదు. మోడం కమ్మితే వస్తాండారు, మోడం ఇడిసిపోతే పోతాండారు. నీ పేజీ చూస్తే యానాడు మోడమేసిందో చెప్పొచ్చు." వాడు ఎదురుగా ఉండుంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

ఫోను పెట్టేసి, కోపం మీదే పేజీ పైభాగంలో ఎర్రటి అక్షరాలతో రాశాను: 'వాన, వర్షం, పిడుగులు, మెరుపులు, వాతావరణ వివరాల కోసం ఈ నంబరుకు ఫోన్ చేయకండి.' కింద నంబరు. పీడ వదిలిందనుకున్నాను.

వదల్లేదు సరికదా, నెత్తికెక్కి కూర్చుంది. అంతకుముందు ఉరుములు అని వెతికినవాళ్ళే వచ్చేవాళ్ళు. ఇప్పుడు వాన, వర్షం, పిడుగులు అని వెతికినవాళ్ళు కూడా నా దగ్గరికే వస్తున్నారు. అన్ని మాటలూ నేనే వరసగా పేర్చి పెట్టానుగా! వచ్చినవాళ్ళు ఎర్ర అక్షరాలు చూస్తారు, వాన అన్న మాట చూస్తారు, నంబరు చూస్తారు. వాక్యం చివర ఉన్న 'చేయకండి' దాకా వచ్చే ఓపిక ఎవరికుంది? మన తెలుగులో వద్దన్న మాట చివర్న వస్తుంది, మనవాళ్ళు మొదట్లోనే ఫోను అందుకుంటారు. నా భాష కూడా నన్ను ముంచింది.

పేరు మారిస్తే పోతుందన్నాడు శశికుమార్. నాయనతో అంటే అంతెత్తున లేచాడు.

"మార్చేదేందే? ఆకాశంలో ఉరిమేదాని పేరు మనకు పెట్టినారో, మన పేరు దానికి పెట్టినారో నీకు తెలుసునా? వానకు కావాలంటే అది మార్చుకోనీ."

"నాయనా, ఈడ పరువు కాదు, పిలుపు కావల్ల!"

"పేరు ఇడిసినాక పిలిచేది ఎవుర్ని?"

ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు. చెప్పకుండానే మార్చేశాను. 'జానపద వాద్య కళాబృందం' అని పెట్టి, ఎర్ర అక్షరాలు తీసేశాను. ఫోన్లు ఆగిపోయాయి. పేజీకి వచ్చేవాళ్ళూ ఆగిపోయారు. అప్పుడప్పుడూ ఒకరు కనిపించేవారు. ఆశగా చూస్తే అది నేనే, ఎవరైనా వచ్చారేమోనని నా పేజీ నేనే తెరిచి చూసుకున్నది. ఆ పూట షాపులో కూర్చుని నిజంగా ఏడ్చాను. ఇంత పెద్ద లోకంలో మమ్మల్ని వెతుక్కునేవాడు ఒక్కడు లేడు. వచ్చినవాళ్ళంతా పొరపాటున వచ్చినవాళ్ళే. సరే, ఆ పొరపాటే నయమనిపించి పాత పేరు, ఎర్ర అక్షరాలు అన్నీ మళ్ళీ పెట్టేశాను.

ఫోన్లు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి నేను పోట్లాడడం మానేశాను. ఒక్కొక్కరితో వాదించేకంటే నా ఫోనులోనే వాన సంగతి చూసి జవాబు చెప్పడం తేలిక. ఎవరో అడుగుతారు, ఉరుములు వస్తాయా అని. రావన్నా, ఈ వారం లేవు అంటాను. సరేమ్మా అంటారు. అంతే. పనిలో చెయ్యి ఆగేది కాదు. ఒక చేత్తో పెళ్ళిపత్రిక టైపు చేస్తూ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, 'రావన్నా, లేవన్నా' అని వల్లించేదాన్ని. వెంకటప్ప నన్ను మెచ్చుకున్నాడు కూడా, ఈ మధ్య బాగా చెబుతున్నావని.

అలా ఆషాఢం గడిచిపోయింది. వాన రాలేదు, పిలుపూ రాలేదు.

చిన్నాయన వెళ్ళే రోజు షాపుకు సెలవు పెట్టాను. సిద్దమ్మ చిన్నమ్మ జొన్నరొట్టెలు మూటగట్టి సంచిలో పెడుతోంది. మధ్యాహ్నం బస్సుకు రాయదుర్గం వెళ్ళి, అక్కడినుంచి బెంగుళూరు. చిన్నాయన కొత్త చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. నాయన ఆయనకు కాస్త దూరంగా కూర్చుని ఎండను చూస్తున్నాడు. నాకు వాళ్ళిద్దరి మీదా, బెంగుళూరు మీదా, నా మీదా, అందరికంటే ఎక్కువగా ఆ దిక్కుమాలిన పేజీ మీదా చెప్పలేనంత కోపంగా ఉంది. ఒక్క పిలుపు. ఒకటి తెస్తానన్నాను, తేలేకపోయాను.

ఫోను మోగింది.

"యమ్మా, ఉరుములేనా?"

"చెప్పన్నా." 

"నా పేరు మల్లికార్జున, కళ్యాణదుర్గం పక్క నుంచి. వచ్చే మంగళవారం మా ఊరికి ఉరుములు వస్తాయా?"

"రావన్నా."

"మంగళవారం కాకుంటే బుధవారమన్నా?"

"బుధవారమూ లేవన్నా. ఈ వారం లేవు, వచ్చే వారమూ లేవు."

"వేరే ఊరోళ్ళు ముందే చెప్పుకున్నారామ్మా?"

పిచ్చి ప్రశ్న అనిపించింది. చిన్నాయన సంచీ జిప్పు పట్టక చిన్నమ్మ తంటాలు పడుతుంటే అటు చూస్తున్నాను. "యా ఊరోళ్ళు చెప్పుకున్నా అంతే అన్నా. రావంటే రావు" అన్నాను.

"సరేలేమ్మా. దేవరకు ఉరుములే కావల్లని మా పెద్దోళ్ళు పట్టుబట్టిరి. లేవంటే ఏం చేస్తాం, డీజేకి చెప్పుకుంటాం."

పెట్టేశాడు.

ఆయన అన్న ఆఖరి మాట అప్పుడు నా బుర్రకెక్కింది. అదే నంబరుకు చేశాను. వేరే ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మళ్ళీ చేశాను. మళ్ళీ. తొందరలో ఒకసారి వేరే నంబరు కూడా నొక్కాను. చివరికి ఎత్తాడు.

"అన్నా, నేనన్నా, ఉరుములు! వాన గురించి అడుగుతాండావనుకున్నా. మా ఉరుములు వస్తాయి. మంగళవారమే వస్తాయి, తప్పకుండా వస్తాయన్నా!"

"అయ్యో, అట్లనా" అన్నాడు. మంచి మనిషి, నిజంగానే నొచ్చుకున్నాడు. "డీజే పిల్లోడు మా ఊర్లోనే ఉండాడమ్మా. నువ్వు రావంటివని ఇప్పుడే గుడికాడ వానికి ఆకూవక్క ఇచ్చి ఖాయం చేసేసినారు. దేవర పనికి ఆకూవక్క ఇచ్చి వెనక్కి అడిగితే బాగుండదు. అమ్మవారితో పని."

ఆయనే మళ్ళీ అన్నాడు. "వాన కోసం చూస్తాంటే మీ నాయన ఫోటో కనపడింది. మా అవ్వ చూసి, ఒరే, వానలు లేకనే గదా దేవర చేస్తాండేది, ఈళ్ళను పిలవండిరా, ఈళ్ళు వస్తేనే అమ్మోరు లేచేది, అనింది. పోనీలేమ్మా, వచ్చేతూరి చూద్దాం." పెట్టేయబోతూ అడిగాడు. "అది సరేగానీ, ఎర్రగా రాసినారు గదా వాన సంగతి, అది చెప్పేది గూడా నువ్వేనా? దేవర నాడన్నా పడ్తాదా?"

ఫోను కట్టేశాను.

"ఎవురు పాపా?" అన్నాడు చిన్నాయన.

అబద్ధం చెప్పొచ్చు. వాన గురించి అంటే ఎవరికీ అనుమానం రాదు. కానీ ఏడుపు నాకంటే ముందే బయటికి వచ్చేసింది. "దేవరకు పిలిచినారు చిన్నాయనా. మంగళవారం రమ్మన్నారు. నేనే... రావని చెప్పేసినా. డీజేకి ఆకూవక్క ఇచ్చేసినారంట."

చిన్నమ్మ చేతిలో సంచీ అలాగే ఉండిపోయింది. నాయన ఇటు తిరగలేదు. ఆయన వీపు మాత్రం చూశాను, ఎవరో గట్టిగా తట్టినట్టు ఒక్కసారి కదిలి ఆగింది.

"రావని చెప్పినావా?" అన్నాడు చిన్నాయన.

తల ఊపాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన లేచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. ఊరి బయట మలుపు దగ్గర బస్సు హారను వినిపించింది.

"సరిగ్గానే చెప్పినావులే పాపా" అన్నాడు. "ఇంక రావు."

చిన్నమ్మ చేతిలోంచి సంచీ తీసుకుని, నాయనకు చెప్పి, బస్సు కోసం నడిచి వెళ్ళాడు.